ఆయన సాక్ష్యం, నా చెయ్యి

నా భర్త చేసిన పాపాలు మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ల విశ్వాసులకూ తెలుసు. ఎవరో చాటుమాటుగా చెప్పుకున్నవి కావు. ఆయనే మైకు పట్టుకుని చెప్పాడు. ఒకసారి కాదు, పిలిచినచోటికల్లా వెళ్లి చెప్పాడు. ఆయన పక్కన సాక్ష్యానికి సాక్ష్యంగా నేనూ వెళ్లేదాన్ని.

మా సంఘంలో పాటలయ్యాక, వాక్యానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ప్రభువు తమ బతుకులో ఏం చేశాడో ఎవరైనా లేచి చెప్పవచ్చు. చాలామంది జ్వరం తగ్గిందనో, పిల్లకు సంబంధం కుదిరిందనో చెప్పి కూర్చుంటారు. నా భర్త లేచాడంటే మాత్రం చాపల మీద జనం సర్దుకుని కూర్చుంటారు. కీబోర్డు వాయించే ఆయన చెప్పకుండానే సన్నగా రాగం అందుకుంటాడు. టమోటా మండీలో క్రేట్లు మోస్తూ కేకలు పెట్టిన గొంతు నా భర్తది. ఆ గొంతుకు మైకు అవసరం లేదు, కానీ మైకు ఇస్తే వద్దనడు.

"పొద్దున మండీలో కూలి, మద్దేనం బ్రాందీ షాపు, సాయంత్రం ఇంట్లో పెండ్లాం ఈపు. ఇదే నా బతుకు," అని మొదలుపెడతాడు. "ఈ సేతులతోనే" అని రెండు చేతులూ పైకెత్తుతాడు. ఆడవాళ్లవైపు నుంచి "అయ్యో ప్రభువా" అని వినబడుతుంది. తరువాత ఆయన నావైపు తిరుగుతాడు. "నా భార్య ఈడనే ఉండాది. లేసి ఆ సెయ్యి సూపించు మే."

నేను లేచి ఎడమచెయ్యి చూపిస్తాను. ఒక వానాకాలం ఆయన మెలితిప్పితే విరిగిన మణికట్టు అది. కట్టు కట్టించుకున్నాను కానీ ఇంట్లో నీళ్లు మోసే దిక్కులేక తొందరపడి విప్పేశాను. అది వంకరగానే అతుక్కుంది. అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు. నేను చెయ్యి ఎత్తగానే జనం "స్తోత్రం" అంటారు. విరిగినందుకా, విరగ్గొట్టినవాడు మారినందుకా అని నన్ను నేనే అడిగేదాన్ని. నవ్వొచ్చేది కూడా. కొంగు తలమీద కప్పుకుని ఉంటాం కాబట్టి ముఖం ఎవరికీ కనబడేది కాదు.

కూటం అయ్యాక తాగుబోతుల పెళ్లాలు నా చుట్టూ చేరేవాళ్లు. "అమ్మా, ఆ సెయ్యి నా తలమీద పెట్టి ప్రార్థన సెయ్యమ్మా, మా ఆయన్ని కూడా ప్రభువు మారుస్తాడు" అని ఏడ్చేవాళ్లు. నేను పెట్టేదాన్ని. ఆ చేతిలో ఏదో మహిమ ఉందని వాళ్ల నమ్మకం. ఆ చేతి వెనక ఉన్న మనసులో ఏముందో వాళ్లకేం తెలుసు?

అందులో ద్వేషం ఉంది. దానికి వేరే మంచి మాట దొరకలేదు నాకు.

నిజానికి ఆయన మారాలని ప్రార్థించింది నేనే. నేను పుట్టుకతోనే క్రైస్తవురాలిని. మా అమ్మ ఉగ్గుపాలు పోస్తూ ప్రార్థన నేర్పింది. ఆయనవాళ్లకు దేవుడి సంగతే పట్టేది కాదు. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి, వీపుమీద వాతలు ఆరకముందే మోకాళ్లేసి, "ప్రభువా, ఈ మనిషిని మార్చు" అని ఏళ్లతరబడి అడిగాను. ఒక వేసవిలో ఆయన రక్తం కక్కుకుని ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడికి పరామర్శకు వచ్చిన పాస్టరుగారి మాట విని బిగ్గరగా ఏడ్చాడు. ఇంటికొచ్చాక సీసా ముట్టలేదు. పుంగనూరు పక్కన చెరువులో తెల్లబట్టలు కట్టుకుని బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్లలోంచి లేచి, "నాకు విడుదల దొరికింది" అని అరిచాడు. గట్టుమీద నేను చప్పట్లు కొట్టాను.

ఆ మారడం నాటకం కాదు. నాటకమైతే నాకింత బాధే ఉండేది కాదు, నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన మళ్లీ నామీద చెయ్యెత్తలేదు. బిందెలు తనే మోశాడు. నాకు స్కూల్లో ఆయా పని దొరికాక, పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించేవాడు. ఎదురింటివాళ్లు "నీ అదృష్టం పండిందమ్మా" అనేవాళ్లు. ఆయన మారాలని అడిగానే గానీ, మారిన మనిషితో నేనెట్లా కాపురం చెయ్యాలో అడగడం మర్చిపోయాను. కొట్టే మొగుణ్ణి ద్వేషించడానికి లోకం ఒప్పుకుంటుంది. ప్రార్థన చేసే మొగుణ్ణి ద్వేషిస్తే పాపిష్టిదానివి నువ్వే అవుతావు.

నేను పాపిష్టిదాన్నే అయ్యాను. ప్రతి నెలా మొదటి ఆదివారం మాకు బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, ఉంటుంది. రొట్టెముక్కలున్న పళ్లెం వరసలో చేతులు మారుతూ వస్తుంది. ఎవరిమీదైనా పగ పెట్టుకుని దాన్ని ముట్టుకోకూడదని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆయన బాప్తిస్మం తీసుకుని మొదటిసారి రొట్టె తిన్న ఆదివారమే నేను తినడం మానేశాను. పళ్లెం నా దగ్గరికి రాగానే పక్కావిడకు అందించేదాన్ని. పాస్టరమ్మగారు అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. మళ్లీ అడిగితే ఉపవాసమన్నాను. చివరికి ఆమె అడగడం మానేసింది. నేను అంత వినయంగలదాన్నని సంఘంలో పేరొచ్చింది.

ఆయన మాత్రం రొట్టె తిని కళ్లు మూసుకుని, తేలికపడిన ముఖంతో పాడేవాడు. ఆ ముఖం చూస్తే నాకు కడుపు మండిపోయేది. ఇంత సులువా? నన్నొక మాటైనా అడక్కుండా నీ లెక్క తీరిపోయిందా? ఆ ప్రశ్న ఆయన్నా, దేవుణ్ణా అడుగుతున్నానో నాకే తెలిసేది కాదు. రాత్రి మోకాళ్లేస్తే మాట వచ్చేది కాదు. మా అమ్మ నేర్పిన ప్రార్థన కూడా సగంలో ఆగిపోయేది. దేవుడు ఆయన పక్కకు వెళ్లిపోయాడనీ, నన్ను ఈ పక్క ఒంటరిగా వదిలేశాడనీ అనిపించేది. స్కూల్లో చిన్నపిల్లల ముక్కులు తుడుస్తూ, ఈ బతుకు ఇట్లా అయిపోతే చాలు, ఇక దేనికీ ఆశపడకూడదు అనుకునేదాన్ని.

అయినా ఒక్కటి నాది నాకుంది. ఆయన సాక్ష్యంలో ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇప్పుడు బెంగళూరులో నర్సుగా ఉన్న మా అమ్మాయికన్నా ముందు నాకొక బిడ్డ కడుపున పడింది. ఆరో నెలలో ఆయన తోస్తే నీళ్లతొట్టి అంచుకు తగిలి పడ్డాను. ఆసుపత్రివాళ్లకు జారిపడ్డానని చెప్పాను. బిడ్డ దక్కలేదు. ఆ రోజు ఆయన ఎక్కడో తాగి పడున్నాడు. మా అమ్మ ఆ బిడ్డను తన పాతచీరలో చుట్టుకుని, పుంగనూరు దాటి చౌడేపల్లె పక్కనున్న మా ఊరికి తీసుకెళ్లి పూడ్చిపెట్టింది. ఆయన తరువాత వచ్చాడు, మంచం పక్కన కూర్చున్నాడు, లేచి వెళ్లాడు. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ప్రతి ఆదివారం ఆయన లేచినప్పుడు నాకు రెండు భయాలు ఉండేవి. ఈయన దాన్ని మర్చిపోయాడేమో అని ఒక భయం. చెప్పేస్తాడేమో అని ఇంకో భయం.

చెప్పేశాడు. కుప్పంలో.

కిందటి ఏడాది ఒక శుక్రవారం అక్కడ ఉపవాస ప్రార్థనకు ఆయన్ని సాక్ష్యానికి పిలిచారు. షామియానా కింద చాలామంది ఉన్నారు. రామకుప్పం వైపు పల్లెల నుంచి కూడా ఆటోల్లో వచ్చారు. ఒకాయన ఫోనును స్టాండుకు బిగించి లైవ్ పెట్టాడు. ఎండ పైకి వచ్చింది, కడుపుల్లో ఏమీ లేదు, జనం అప్పటికే ఏడుస్తున్నారు. నా భర్త మామూలుగా మొదలుపెట్టాడు. మండీ అయింది, బ్రాందీ షాపు అయింది, నా చెయ్యి అయింది. నేను లేచి చూపించి కూర్చోబోతున్నాను. అప్పుడాయన గొంతు మారింది.

"ఇంతవరకూ యాడా సెప్పని మాట ఒకటి ఉండాది. ఈ దినం ప్రభువు సెప్పమంటాండాడు. కడుపుతో ఉన్న నా భార్యను తోసినాను. నా కొడుకును నా సేతులతోనే సంపుకున్నాను. అట్లాంటి నన్ను కూడా ఆయన చమించినాడు!"

"హల్లెలూయా" అన్నారు. కీబోర్డు గట్టిగా మోగింది. పక్కనున్న ముసలావిడ నా భుజం నొక్కింది. నేను మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. కొడుకు అన్నాడు.

చెప్పులు వెతుక్కుని బయటికొచ్చాను. ఎవరో "సహోదరీ" అని పిలిచారు. తిరిగి చూడలేదు. కుప్పం బస్టాండులో మదనపల్లె బస్సు నిలబడి ఉంది. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు చూపించి ముందు సీట్లో కూర్చున్నాను. బస్సు కదిలేలోపు ఆయన పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. చంకలో బైబిలు, ముఖమంతా చెమట. నా పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది మే? యాల లేసొచ్చేస్తివి? నేను సెప్పింది నిజమే కదా?"

నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. అప్పుడే ఫోను మోగింది. మా అమ్మాయి. లైవ్ చూసిందట.

"అమ్మా, నాకు అన్న ఉండినాడా? నాకెప్పుడూ యాల చెప్పలా మా?" అని ఏడుస్తోంది.

"అన్న కాదు నాయనా," అన్నాను. "అక్క. ఆడబిడ్డ."

అది అమ్మాయికే చెప్పాను. తలెత్తి చూస్తే ఆయన నావైపే చూస్తున్నాడు, విన్నాడు. పలమనేరులో వెనక సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. నాకు జాలి కలగలేదు. కలగాలని కూడా అనిపించలేదు.

పుంగనూరులో దిగిపోయాను. ఎందుకు దిగానో అప్పటికి నాకే సరిగా తెలియదు. మదనపల్లె ఇంటికి వెళ్లి, ఆ పొయ్యి దగ్గర, ఆయన మోసిన బిందెల మధ్య కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. ఆయన వెనకే దిగాడు. చౌడేపల్లె వైపు వెళ్లే షేర్ ఆటో దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"బిడ్డను యాడ పెట్టినారు?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో చెప్పలేను. అది వచ్చినప్పుడు మాత్రం సంతోషం రాలేదు. ఒళ్లంతా మండింది. "దేవుడు నిన్ను చమించినాడని ఊరూరా సెప్తివే! బిడ్డ ఆడో మగో తెలీకుండా దేంటికి చమించమని అడిగినావు ఆయన్ని? నన్నొకసారన్నా అడిగినావా?" అని రోడ్డుమీదే అరిచాను. ఆటోలో కూర్చున్న పాలక్యాన్లాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అయినా ఇద్దరం అదే ఆటో ఎక్కాం.

మా ఊరి చివర, వంక గట్టున, కానుగచెట్టు దగ్గర పెట్టానని అమ్మ ఒకసారి తీసుకెళ్లి చూపించింది. గుర్తుకు ఒక నల్లరాయి ఉంచింది. ఇప్పుడు అమ్మ లేదు. వెళ్లి చూస్తే చెట్టు కూడా లేదు. గట్టు చదును చేసి టమోటా పెట్టారు. కట్టెలు నాటి తీగలు లాగారు, సాళ్లమీద ప్లాస్టిక్ షీటు పరిచారు, డ్రిప్పు పైపులు వేశారు. రాయి ఎక్కడా కనబడలేదు. నేను ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. ఇక్కడనుకున్నాను, కాదు అక్కడనుకున్నాను. నాది నాకుందని ఇన్నాళ్లూ దాచుకున్నది కూడా నా దగ్గర లేదు. నేను ఒక్కసారైనా మళ్లీ వచ్చి చూసుకోలేదు. ఆయన్ని అన్నానే గానీ, బిడ్డను నేను మాత్రం ఎక్కడ వెతికాను? గట్టుమీద కూలబడి ఏడ్చాను. అంత ఏడుపు ఆసుపత్రిలో కూడా ఏడవలేదు.

ఆయన సాళ్ల మధ్య మోకాళ్లేశాడు. ప్రార్థన చేస్తాడనుకున్నాను. ఆ గొంతు లేస్తే మట్టిగడ్డ తీసి కొడదామనే ఉన్నాను. కానీ ఆయన ప్రార్థన ఎత్తుకోలేదు. నావైపు తిరిగాడు.

"దేవుడు కాదనడని తెలుసు," అన్నాడు. "నువ్వు కాదంటావని బయం. అందుకే నిన్ను అడగలా. ఇప్పుడు అడగతాండా. నన్ను చమిస్తావా?"

"నా వల్ల కాదు," అన్నాను.

"సరే," అన్నాడు. "పేరేమన్నా అనుకున్నావా బిడ్డకు?" అని అడిగాడు.

"అనుకున్నా. నీకు సెప్పను. సెప్తే మైకులో సెప్తావు."

దానికి కూడా సరే అన్నాడు. పొద్దు వాలేముందు బస్సెక్కి మదనపల్లె వచ్చేశాం.

ఆ ఆదివారం బల్ల ఉంది. వెళ్లకూడదనుకున్నాను, కాళ్లు వాటంతటవే వెళ్లాయి. కుప్పం లైవ్ అందరూ చూసినట్టున్నారు. ఆడవాళ్లు నన్ను చూసి జరిగి చోటిచ్చారు. సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు మైకు చేత్తో పట్టుకుని నా భర్త పేరు పిలిచారు. కీబోర్డు మొదలైంది.

ఆయన కూర్చున్నచోటు నుంచి లేవలేదు. "నాకు సాక్ష్యం లేదయ్యగారూ," అన్నాడు. కీబోర్డు ఆగిపోయింది.

తరువాత పళ్లెం వచ్చింది. మాలో ముందు మగవాళ్ల వరసలకు వెళ్తుంది. అది ఆయన చేతికొచ్చింది. తీసుకుంటాడనుకున్నాను. ఆయన దాన్ని అట్లాగే పక్కాయనకు అందించి తల వంచుకున్నాడు. పాస్టరుగారు చూశారు. సంఘమంతా చూసింది. ఆయన అంత హాయిగా రొట్టె తినకూడదని ఇన్నేళ్లూ కోరుకున్నదాన్ని నేను. ఆ కోరిక తీరింది. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ ముసలి కూలిమనిషిని చూస్తే నాకు గెలిచినట్టు లేదు. ఆ వంచిన తల నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ ఈ పక్కన నేనూ అట్లాగే కూర్చున్నాను.

పళ్లెం నా దగ్గరికొచ్చింది. నా మనసు బాగయ్యాక ముట్టుకోవాలని చూస్తూ వచ్చాను. బాగయ్యే లక్షణాలేవీ కనబడలేదు. మొన్న ఆయన ముఖంమీదే కాదన్నాను, ఇప్పుడూ కాదనే అంటాను. ఆ సంగతి దేవుడికి తెలియదన్నట్టు ఉపవాసమనీ, ఒంట్లో బాగాలేదనీ ఎవరిని మోసం చేశాను? ప్రభువా, నాకు చేతకావడంలేదు, ఈ ద్వేషం నేను వదిలించుకోలేను, దీంతో సహా నన్ను తీసుకుంటే తీసుకో అన్నాను. చాలా ఏళ్ల తరువాత సగంలో ఆగిపోని ప్రార్థన అది. రొట్టె తీసుకున్నాను. వంకర అరచేతిలో నిలవక జారబోతే పక్కావిడ తన చెయ్యి అడ్డంపెట్టింది.

వెలుగేమీ కనబడలేదు. మనసు తేలిక కాలేదు. రొట్టె గొంతులో అడ్డంపడి నీళ్లు తాగాల్సివచ్చింది. అయినా ఆ నీళ్లు తాగుతున్నప్పుడు, దేవుడు ఆ పక్కకు వెళ్లిపోలేదనీ, నేను సిగ్గుతో ముఖం తిప్పుకున్నచోటే నిలబడి ఉన్నాడనీ అనిపించింది. ఆ తరువాత కూడా కొన్ని పొద్దుల్లో ద్వేషం నాకన్నా ముందే నిద్రలేస్తుంది. లేదని అబద్ధం చెప్పను. ఇప్పుడు దాన్ని దాచను, అంతే. లేవగానే ప్రభువు పాదాల దగ్గర పెట్టేస్తాను. సాయంత్రానికి ఒక్కోసారి మళ్లీ తెచ్చుకుంటాను.

ఆ మధ్యాహ్నం ఇంట్లో సంగటి కెలికాను. సంగటి కెలకాలంటే తెడ్డు రెండు చేతులా పట్టాలి, నా ఎడమచెయ్యి సలుపుతుంది. రోజూ ఆయనే వచ్చి తెడ్డు అందుకునేవాడు. ఆ రోజు అడిగే ధైర్యం లేక గడప దగ్గర నిలబడ్డాడు. నేనే ముద్ద చేసి, చెట్నీ వేసి, పళ్లెం ఆయన ముందు పెట్టాను. ఆయన తినకుండా చూస్తూ కూర్చున్నాడు.

నేను పక్కన కూర్చుని బిడ్డ పేరు చెప్పాను.

ఆయన దాన్ని నోట్లోనే ఒకసారి అనుకున్నాడు. మళ్లీ మెల్లగా, నాకు మాత్రమే వినబడేంతగా అన్నాడు. అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు. తరువాత పళ్లెంమీదికి వంగి ఏడ్చాడు, నేను ఆయన వీపుమీద ఎడమచెయ్యి పెట్టాను. ఆ పేరు ఆయన ఇప్పటిదాకా ఏ మైకులోనూ చెప్పలేదు. ఇక్కడ నేనూ రాయను.